మీ ఫొటో మీరే తీసుకుంటున్నారా? కథా ఉండాలి, ఫ్రేమూ నిలబడాలి

మీకు ప్రాణమైన వస్తువు ఒకటి పక్కన పెట్టుకుని ఫొటో తీసుకున్నంత మాత్రాన చూసేవాళ్లకి దాని విలువ తెలిసిపోదు. సెల్ఫ్ పోర్ట్రెయిట్ మొదలుపెట్టిన చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అమ్మ కుట్టుమిషను పక్కన కూర్చుని ఫొటో తీసుకుంటే మీకు అందులో పండగ ముందు అర్ధరాత్రి దాకా వినిపించిన టకటక చప్పుడు, మీ ఫీజు కోసం ఆవిడ దాచిన డబ్బులు, నేలంతా పడిన దారం ముక్కలు, అన్నీ కనిపిస్తాయి. పక్కింటావిడకి కనిపించేది మాత్రం ఒక పాత మిషను, దాని పక్కన ఒక మనిషి, వెనకాల గోడ మీద స్విచ్‌బోర్డు. ఆవిడ తప్పేం లేదు, ఫొటోలో ఉన్నది అంతే మరి.

దీనికి పూర్తిగా ఉల్టా ఇంకో రకం ఉంది. కిటికీ వెలుగు సగం ముఖం మీద పడుతుంటుంది, వెనక గోడ ఖాళీ, చూపు ఎటో దూరంగా. బాగుంటుంది, లైకులు కూడా బాగానే పడతాయి, కానీ ఆ కుర్చీలోంచి మిమ్మల్ని లేపి ఇంకెవరిని కూర్చోబెట్టినా ఫొటోకి వచ్చే తేడా ఏమీ ఉండదు. దాన్ని లైటింగ్ ప్రాక్టీసు అనుకుంటే ఏ గొడవా లేదు. సెల్ఫ్ పోర్ట్రెయిట్ అన్నారంటే మాత్రం అందులో మీరు ఎక్కడున్నారో చూపించాలి.

కాబట్టి నేను చెప్పేది ఒకటే. మీ మనసులో ఉన్నది ఫ్రేములో కంటికి ఆనే ఏదో ఒక రూపంలోకి రావాలి. అది ఎంత పెద్దగా ఉంది, ఎంత వెలుగులో ఉంది, మీకు ఎంత దూరంలో ఉంది, మీ చేతులు దాని మీద ఉన్నాయా లేవా, మీరు దాన్ని చూస్తున్నారా లేక కెమెరాను చూస్తున్నారా. కంపోజిషన్ అంటే ఇవే. అందుకని ముందు భావం, ఆ తర్వాత తీరుబడిగా అందం అని రెండు పనులుగా విడగొట్టుకుంటే రెండూ చెడతాయి. ఈ కుట్టుమిషను ఉదాహరణే పట్టుకుని చివరిదాకా వెళ్దాం, మీ ఇంట్లో అది నాన్న వాచీ కావచ్చు, తాతయ్య పడక్కుర్చీ కావచ్చు, మీరు చదివిన మెడికల్ పుస్తకాల దొంతర కావచ్చు.

ముందు కెమెరా పక్కన పెట్టి ఒక వాక్యం రాయండి

ఆ వాక్యంలో క్రియ ఉండాలి. "అమ్మ మిషను" అనేది వస్తువు పేరు, అంతకు మించి ఏం కాదు. "జ్ఞాపకాలు", "నా మూలాలు" ఇవి అసలే వద్దు, ఇలాంటి మాటలతో ఫ్రేము ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు. "అమ్మ ఈ మిషను తొక్కి నన్ను చదివించింది, నాకేమో సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు" అని రాశారనుకోండి, ఇప్పుడు పని మొదలవుతుంది. ఈ వాక్యంలో ఒక దూరం ఉంది, కొంచెం సిగ్గు ఉంది, ఒక చేతిపని ఉంది. ఫొటో ఆ చేతిపని దగ్గరే ఉంది. దారం కొసని పెదాలతో తడిపి, వేళ్లతో నలిపి సన్నగా చేసి, ఒక కన్ను మూసి, ముఖం సూది దగ్గరికి తీసుకెళ్లి, అది పక్కకి జారిపోతే మళ్లీ తడిపి... ఇందులో ఒక్క క్షణం పట్టుకున్నా చాలు, మీరు ఆ మిషనుకి అలవాటు లేని మనిషి అని ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

అదే మిషనుకి వాక్యం మార్చి చూడండి. "అమ్మ పోయాక దీన్ని ఎవరూ తొక్కలేదు" అంటే మీరు మిషను దగ్గర కూర్చోకూడదు. ఎవరూ తొక్కలేదు కదా! మిషను ముందుకి రావాలి, దాని మీద గుడ్డ కప్పి ఉండాలి, స్టూలు ఖాళీగా ఉండాలి, మీరు వెనకాల గుమ్మంలో చిన్నగా నిలబడాలి. "ఇప్పుడు నేను దీని మీదే కుట్టి బతుకుతున్నాను" అంటే మళ్లీ కథ వేరు, మీరు స్టూలు మీద కూర్చోవాలి, వీపు వంగాలి, కాలు తొక్కుడు మీద ఉండాలి, వీలైతే కెమెరా వెనక నుంచి గాని పక్క నుంచి గాని ఉండాలి, ఎందుకంటే పనిలో ఉన్న మనిషి కెమెరా వైపు చూడడు. వస్తువు ఒకటే, గది ఒకటే, మూడు వాక్యాలకి మూడు వేరే ఫ్రేములు వచ్చాయి. మీ వాక్యం వల్ల ఫ్రేములో ఏదీ కదలట్లేదు అంటే అది ఇంకా తయారవ్వలేదని లెక్క.

ఇదేమీ కొత్త సంగతి కాదు. ఫొటోగ్రఫీ పుట్టిన మొదటి రోజుల్లోనే, 1840లో, ఫ్రాన్సులో ఇపోలిత్ బయార్ అనే ఆయన నీళ్లలో మునిగి చనిపోయిన మనిషిలా తన ఫొటో తానే తీసుకున్నాడు. కాగితం మీద నేరుగా ఫొటో వచ్చే పద్ధతి ఒకటి ఆయన సొంతంగా కనిపెట్టుకుంటే, ప్రభుత్వం ఫొటో తీసే ఇంకో పద్ధతి కనిపెట్టిన డాగేర్‌ని నెత్తిన పెట్టుకుని ఈయన్ని పట్టించుకోలేదు. ఆ కోపం ఆయన వాక్యం. ఫ్రేములోకి అది ఎలా వచ్చిందో చూడండి: నడుం దాకా బట్ట లేని ఒళ్లు ఒక పక్కకి వాలిపోయి, కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో పడేసి, పక్కన గోడకి ఒక గడ్డి టోపీ. నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇవ్వాల్సిన, అంటే అంతసేపూ కెమెరాలోకి వెలుగు పడనివ్వాల్సిన కాలం అది, కళ్లు తెరుచుకుని కదలకుండా కూర్చోవడం కష్టం కాబట్టి శవం వేషం పనికి కూడా కలిసొచ్చింది. డాగేర్ గొడవంతా ఆయన ఫొటో వెనక రాశాడు, ముందు వైపు మాత్రం వాలిపోయిన ఒళ్లే ఉంది. ఏది బొమ్మలో పెట్టాలి, ఏది మాటలకి వదిలేయాలి అన్న విషయంలో ఆయన్ని చూసి నేర్చుకోవచ్చు.

వస్తువులు తగ్గించండి, ఇంకా తగ్గించండి

సొంత కథ అనేసరికి మనకి చేయి ఆగదు. మిషను పెట్టాక గుండీల డబ్బా పెడతాం, అమ్మ చీర కుర్చీ మీద వేస్తాం, మెళ్లో టేపు వేసుకుంటాం, కత్తెర కూడా ఉంటే బాగుంటుందనిపిస్తుంది, గోడకి ఆవిడ ఫొటో ఎలాగూ ఉంది. అన్నీ నిజమే, అన్నీ ఆవిడవే, కానీ చూసేవాడి కన్ను ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకి గెంతుతూ పోతుంది, మీ మీద మాత్రం నిలవదు. ఒకటి ఉంచండి. మహా అయితే రెండు, ఆ రెండోది మొదటిదానికి ఏదైనా పని చేసిపెడుతుంటేనే. తేల్చుకోవడానికి ఒక మోటు పద్ధతి ఉంది, ఒక ఫొటో తీసి ఫోను స్క్రీను మీద ఒక్కో వస్తువునీ బొటనవేలితో కప్పండి. కప్పినా కథ అలాగే ఉంటే దాన్ని గదిలోంచి తీసేయండి.

దండ వేసిన ఫొటో గురించి విడిగా చెప్పాలి. మన ఇళ్లలో గోడ మీద పటానికి దండ కనిపించిందంటే చూసేవాడు ఇక వేరే ఏదీ చూడడు, "ఓహో, పోయారన్నమాట" అని అక్కడితో కథ ముగించుకుంటాడు. అది అంత గట్టి గుర్తు. మీ వాక్యం చావు గురించే అయినా సరే, దండ పటం పెడితే మీ మొహం, చేతులు, మిషను చేయాల్సిన పనంతా అదే మింగేస్తుంది. నేనైతే తీసేస్తాను, లేదా ఫ్రేము అంచులో సగం తెగిపోయేలా, ఫోకస్ లేకుండా ఉంచుతాను. నుదుట బొట్టు ఉండటం లేకపోవడం, మంగళసూత్రం, చేతికి గాజులు, మగవాళ్లయితే గుండు, ఇవి కూడా మన వాళ్ల కంటికి బిగ్గరగా మాట్లాడే గుర్తులే. వద్దని కాదు. తెలియకుండా మాత్రం ఫ్రేములోకి రానివ్వకండి, మీరు ఊరికే బొట్టు పెట్టుకోవడం మర్చిపోయి ఉంటారు, చూసేవాళ్లు దానికి ఇంకేదో అర్థం కట్టేస్తారు.

ఇక బ్యాక్‌గ్రౌండు. వైఫై డబ్బా తీగలు, వాటర్ క్యాను, తలుపు వెనక వేలాడే బట్టలు, మిక్సీ. "ఇల్లు ఉన్నది ఉన్నట్టు చూపిస్తున్నా, అదే నిజాయితీ" అనే వాదన నేను చాలాసార్లు విన్నాను, నాకు నచ్చదు. తీయడానికి బద్ధకమేసి వదిలేసింది నిజాయితీ ఎలా అవుతుంది? ఆ వాటర్ క్యాను మీ వాక్యంలో ఉంటే, అంటే ఊళ్లో బావి నీళ్లు తాగి పెరిగి ఇప్పుడు నాలుగో అంతస్తులో క్యాను నీళ్ల మీద బతుకుతున్నానని మీరు చెప్పాలనుకుంటే, అప్పుడు దాన్ని మూలన కాకుండా సరిగ్గా మధ్యకి తీసుకురండి. లేకపోతే వంటింట్లో పెట్టేసి రండి, రెండు నిమిషాల పని.

ఎక్కడ కూర్చోవాలి, ఎంత కనపడాలి

ఫోనులో ఫ్రేముని అడ్డంగా నిలువుగా మూడేసి భాగాలు చేసే గ్రిడ్ లైన్లు ఆన్ చేసుకోండి, ముఖ్యమైనవి ఆ గీతల మీద ఉండాలని అందరూ చెప్పే మూడో వంతు సూత్రం మొదట్లో పనికొస్తుంది. మనిషి ఒక గీత మీద, మిషను ఇంకో గీత మీద ఉంటే మధ్యలో మిగిలే ఖాళీ కూడా ఫొటోలో భాగం అవుతుంది. ఆ ఖాళీయే కొన్నిసార్లు అసలు విషయం. నాకు కుట్టు రాదన్న వాక్యానికి మీకూ మిషనుకీ మధ్య ఖాళీ ఎంత పెరిగితే అంత దూరం కనిపిస్తుంది, మరీ పెరిగితే ఇద్దరూ సంబంధం లేని వాళ్లయిపోతారు, కాబట్టి మూరెడు మూరెడు జరుగుతూ తీసి చూసుకోవాల్సిందే. అదే మీరు కెమెరా కళ్లలోకి సూటిగా చూసి "ఇది నేను" అనాలనుకుంటే సూత్రం పక్కన పెట్టి నట్టనడుమ కూర్చోండి, పాస్‌పోర్టు ఫొటోలా ఉంటుందని భయపడొద్దు.

ముఖం కనపడి తీరాలని కూడా ఏమీ లేదు. షికాగోలో పిల్లల్ని చూసుకునే పని చేసుకుంటూ బతికిన వివియన్ మేయర్ అనే ఆవిడ తన ఫొటోలు తాను బోలెడన్ని తీసుకుంది, షాపు అద్దాల్లో, పేవ్‌మెంటు మీదా గడ్డి మీదా పడిన తన నీడలో. ఆ నెగెటివ్‌లు 2007లో వేలంలో అమ్ముడుపోయాకే ఆవిడ ఫొటోల సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది, 2009లో ఆవిడ చనిపోయింది. ఇతరుల ఇళ్లలో ఉంటూ, ఎవరికీ పెద్దగా తెలియకుండా వీధులు తిరిగిన మనిషికి నీడ కన్నా సరైన రూపం ఏముంటుంది చెప్పండి! మనిషి బతుకుకీ ఫ్రేముకీ ఇంతగా అతికిన ఉదాహరణలు అరుదు. అలాగే ఫ్రాన్సెస్కా వుడ్‌మన్, 1970ల్లో, పాడుబడిన ఇళ్లలో షటరు చాలాసేపు తెరిచి ఉంచి తను కదులుతూ తీసుకున్న ఫొటోల్లో ఒళ్లు పొగలా చెదిరి గోడలో కలిసిపోతున్నట్టు ఉంటుంది. అందులో బ్లర్ అనేది టెక్నిక్ చూపించుకోవడానికి పెట్టింది కాదు, కనపడకుండా పోవడం అనేదే అక్కడి విషయం. ఇన్‌స్టాలో ఎవరో చేశారని మీరూ ఊరికే కదిలి బ్లర్ చేస్తే అది ఫోకస్ పోయిన ఫొటోలాగే ఉంటుంది.

మన దేశంలో అయితే చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ వాళ్ల నాన్న ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ (1870-1954) ఫొటోలు చూడండి. కుటుంబాన్ని ఎంత శ్రద్ధగా తీశాడో తనని తాను అంతే శ్రద్ధగా దశాబ్దాల పాటు తీసుకున్నాడు, ఒకచోట పుస్తకాలు కాగితాల మధ్య పండితుడు, ఇంకోచోట చొక్కా లేకుండా ఒళ్లు చూపించే యోగాభ్యాసి. ఒకే ఫొటోలో తన గురించి అంతా చెప్పేయాలని ఆయన కంగారు పడలేదు. మీరూ పడకండి, మిగిలిన వాక్యాలకి వేరే ఫొటోలు తీసుకోవచ్చు.

కెమెరా ఎత్తు గురించి ఒక్క మాట. కూర్చున్న మనిషిని నిలబడిన ఎత్తు నుంచి తీస్తే చిన్నగా, లొంగినట్టుగా కనిపిస్తాడు. నడుం కన్నా కింద నుంచి తీస్తే గద్దె మీద కూర్చున్నట్టు ఉంటుంది. మిషను తొక్కే అమ్మని చిన్నప్పుడు మీరు నేల మీద కూర్చుని చూసి ఉంటారు, ఆ ఎత్తులో కెమెరా పెట్టి చూడండి.

వెలుగు

కన్ను ముందు ఎక్కువ వెలుగున్న చోటికే పోతుంది, ఆ తర్వాతే మిగతావి చూస్తుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "లైటింగ్ బాగుందా" అని కాదు, "వెలుగు దేని మీద పడుతోంది" అని. మన వాక్యం చేతుల గురించి, సూది గురించి. ముఖం మీద వెలుగు పోసి చేతుల్ని చీకట్లో వదిలేస్తే ఎంత అందంగా వచ్చినా అది తప్పు ఫొటో. మిషనుని కిటికీకి దగ్గరగా జరపండి, మీరు కొంచెం వెనక్కి ఉండండి. కిటికీ నుంచి దూరం జరిగే కొద్దీ వెలుగు గబగబా తగ్గిపోతుంది, ఒక అడుగు తేడాలోనే చేతులు మెరుస్తూ ముఖం మసక నీడలోకి వెళ్లడం మీకే కనిపిస్తుంది. ట్యూబ్‌లైటు ఆపేయండి. కిటికీ వెలుగు ఒక రంగు, ట్యూబ్‌లైటుది ఇంకో రంగు, రెండూ కలిస్తే ఒంటి రంగు పాచి పట్టినట్టు వస్తుంది, తర్వాత ఎడిటింగులో ఎంత తంటాలు పడ్డా పోదు.

నీడ వైపు మరీ నల్లగా ఉంటే అటు ఒక తెల్ల దుప్పటో థర్మోకోల్ షీటో పెట్టండి, కొంచెం వెలుగు తిరిగొస్తుంది. నీడ ఇంకా కావాలంటే నల్ల దుప్పటి పెట్టండి. అపార్ట్‌మెంటు కిటికీ గ్రిల్ నీడలు ఒంటి మీద పడితే చూడటానికి బాగుంటాయి, కానీ అవి జైలు ఊచల్లా అర్థమవుతాయి, మీ వాక్యంలో బందిఖానా లేకపోతే ఎండ మారేదాకా ఆగండి, లేదా పల్చటి తెల్ల పంచె కిటికీకి కట్టేయండి, వెలుగు మెత్తబడుతుంది. మండువా లోగిలి ఉన్న ఇల్లు మీకు ఇంకా మిగిలి ఉంటే అదృష్టవంతులే, కాకపోతే మిట్టమధ్యాహ్నం ఆ నడుమ నిలబడకండి, పైనుంచి పడే ఎండకి కళ్లు గుంటలైపోతాయి. చూరు కింద, నీడ మొదలయ్యే గీతకి కాస్త లోపలగా కూర్చుంటే సరిపోతుంది.

ఒంటి రంగు విషయం. ఫోనులో బ్యూటీ మోడ్ ముందు ఆపేయండి, ఇందులో బేరం లేదు. చాలా ఫోన్లు ముఖం దొరకగానే దాన్ని తెల్లబరిచి, నునుపు చేసి పెడతాయి, చామనఛాయ వాళ్లని ఎవరో చుట్టాలబ్బాయిలా మార్చేస్తాయి. మీ కథ చెప్పే ఫొటోలో మీ చర్మమే మీది కాకపోతే ఇంక ఏం మిగిలింది? స్క్రీను మీద ముఖం నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందకి లాగండి, నలుపు నలుపులా నిండుగా వస్తుంది, కిటికీ వైపు చెంప మీద ఉన్న మెరుపు కూడా పోకుండా ఉంటుంది.

తీయడం: చేతికి వచ్చే చిక్కులు

సెల్ఫీ కెమెరా వాడకండి, వెనక కెమెరా వాడండి, క్వాలిటీ ఒక్కటే కాదు కారణం. ముందు కెమెరా అయితే మిమ్మల్ని మీరు చూసుకుంటూ ఉంటారు, జుట్టు సర్దుకుంటారు, ఇక కథ గోవిందా. చేయి చాచినంత దూరంలో తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కిపోతాయి, కాబట్టి ఫోనుని కనీసం ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో పెట్టి, మరీ చిన్నగా కనిపిస్తే 2ఎక్స్ జూమ్ వాడండి. ట్రైపాడ్ లేకపోతే బియ్యం డబ్బా మీద నాలుగు పుస్తకాలు పెట్టి ఫోను ఆనించండి, జారకుండా వెనకాల ఒక ఉప్పు ప్యాకెట్టు.

ఫోకస్ అనేది ఒంటరిగా తీసేవాళ్లకి పెద్ద తలనొప్పి. మీరు కూర్చోబోయే చోట స్టూలు మీద ఒక దిండు నిలబెట్టి, దాని ముందు చీపురు ఆనించి, అంటే మీ ముఖం వచ్చే దూరంలో ఏదో ఒకటి ఉండేలా చూసి, స్క్రీను మీద దాన్ని వేలితో నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లలో ఫోకసూ ఎక్స్‌పోజరూ అక్కడే లాక్ అయిపోతాయి. నేల మీద స్టూలు కాళ్ల దగ్గర సుద్దముక్కతో గీత గీసుకుంటే మళ్లీ మళ్లీ అదే చోట కూర్చోవచ్చు. కెమెరా ఉన్నవాళ్లకి: అపర్చరు, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 4 నుంచి 5.6 మధ్య పెట్టుకుంటే మీరు అంగుళం అటూ ఇటూ కదిలినా కళ్లు ఫోకస్‌లోనే ఉంటాయి, ఎఫ్ 1.8 మోజు వేరే వాళ్లని తీసేటప్పుడు తీర్చుకోండి. షటరు వేగం 1/125 సెకను చాలు. సూది దగ్గర చేతులు కొంచెం తత్తరపడుతున్నట్టు రావాలంటే 1/8 దాకా తగ్గించి ముఖం కదలకుండా పెట్టండి.

అద్దంలో తీసుకునేవాళ్లకి ఒక కిటుకు. కెమెరా పట్టుకుని అద్దానికి ఒక మీటరు దూరంలో నిలబడితే అద్దంలో మీ రూపానికి ఫోకస్ దూరం రెండు మీటర్లు, అద్దం మీద మరకలకేమో ఒక మీటరు. కెమెరా మరకల్ని పట్టుకుంటే మీరు మసకబారతారు, దానికి తోడు ఫ్లాష్ వేస్తే తెల్లటి మచ్చ తప్ప ఏమీ ఉండదు. ఇల్సే బింగ్ అనే ఫొటోగ్రాఫర్ 1931లో రెండు అద్దాలు పెట్టుకుని తీసిన ఫొటోలో ఒకదాంట్లో ఎదురుగా, ఇంకోదాంట్లో పక్క నుంచి తను, లైకా కెమెరాతో సహా కనిపిస్తుంది. డ్రెస్సింగ్ టేబులుకి మడత అద్దాలు ఉంటే ఆదివారం ప్రయత్నించి చూడండి.

పది సెకన్ల టైమరు పెట్టి పరిగెత్తుకొచ్చి కూర్చుంటే అందరికీ ఒకే ముఖం వస్తుంది, ఊపిరి బిగపట్టి "అయిందా, ఇంకా అవ్వలేదా" అని ఎదురుచూసే ముఖం. దీనికి మందు నటించడం మానేసి నిజంగా పని చేయడం. ఇంటర్వెల్ టైమరు ఉంటే ఐదు సెకన్లకి ఒకటి చొప్పున పడేలా పెట్టి, లేకపోతే బ్లూటూత్ రిమోట్ ఒకటి కాలి కింద పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించే పనిలో పడండి. నిజంగా ఎక్కించండి. మొదటి కొన్ని ఫొటోల్లో మీరు ఇంకా కెమెరా కోసమే ఉంటారు, తర్వాత ఆ దారం మీ సహనం పరీక్షించడం మొదలుపెడుతుంది, పెదవి కొరుక్కుంటారు, నుదురు ముడిపడుతుంది, భుజాలు దిగిపోతాయి. మీకు కావాల్సింది ఆ భుజాలే.

కథకీ ఫ్రేముకీ గొడవ వచ్చినప్పుడు

వస్తుంది. మిషను చక్రం మీద అమ్మ కట్టిన పాత గుడ్డపీలిక ఒకటి ఉంది, అది మీకు ముఖ్యం, కానీ అది కనపడాలంటే మిషనుని తిప్పాలి, తిప్పితే సూది కనపడదు. లేదా ఆవిడ ఎప్పుడూ కుట్టుకునే చోటు బాల్కనీ మూల, అక్కడేమో వెనకాల ఎదురింటి వాళ్ల బట్టలు, పైపులు. ఇలాంటప్పుడు వెంటనే ఏదో ఒకటి వదులుకోకండి, ముందు కెమెరాని కదపండి. పైకి, కిందకి, పక్కకి, దగ్గరికి. బాల్కనీలో మనిషి ఎత్తు నుంచి తీస్తే ఎదురిల్లు కనిపిస్తుంది, స్టూలెక్కి కిందకి వంచి తీస్తే నేల, మిషను, మీ తల, చేతులు మాత్రమే ఉంటాయి, చోటు అదే, చెత్త పోయింది. సగం గొడవలు ఇలాగే తీరిపోతాయి.

తీరకపోతే నా లెక్క ఇది: ఆ వస్తువు అర్థం చూసేవాడికి ఫొటోలోంచే అందుతుందా, లేక మీరు పక్కన నిలబడి చెబితే తప్ప తెలియదా? సూదితో తంటాలు పడే చేతులు ఎవరికైనా అర్థమవుతాయి, వాటి కోసం ఫ్రేము కొంచెం వంకరపోయినా, తల పైభాగం తెగినా నేను ఒప్పుకుంటాను. గుడ్డపీలిక మీకు తప్ప ఎవరికీ తెలియదు, దాన్ని ఈ ఫొటోకి వదిలేయొచ్చు, అది అక్కడే ఉంది, కనపడకపోయినా మీ వేళ్లకి తగులుతూనే ఉంటుంది, ఆ తగలడం మీ ముఖంలోకి వస్తే మరీ మంచిది. అంతగా కావాలనుకుంటే దానికి విడిగా ఒక క్లోజప్ తీసి రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

బట్టల దగ్గర కూడా ఇదే తగాదా వస్తుంది. ఆవిడ కుట్టిన పూలపూల జాకెట్టే వేసుకోవాలని ఉంటుంది, మరి దాని మీద ఉన్న పూలన్నీ కలిసి చేతుల మీద చూపు నిలవనివ్వవు. బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి, రంగుల గోల పోయి కుట్లు, ముడతలు మిగిలితే జాకెట్టు ఉంచండి. అప్పటికీ గోలగానే ఉంటే వంటి మీద వేసుకోకుండా మిషను పాదం కింద పెట్టండి, ఆ జాకెట్టుకి ఊడిన హుక్కు దగ్గర కుట్టు వేయబోతున్నట్టు. అప్పుడు దానికి కూడా ఒక పని దొరుకుతుంది.

ఏది ఉంచాలి

తీసిన రోజే ఎంచకండి, ఆ రోజు మీరు చూసేది ఫొటోని కాదు, మీ అందాన్ని. డబుల్ చిన్ కనపడిందని మంచి ఫొటో డిలీట్ చేసేస్తారు. నాలుగు రోజులు ఆగి, ముందు చిన్నచిన్న బొమ్మలుగా గ్యాలరీలో చూడండి, గోరంత సైజులో కూడా ఏది ముందు కంటికి కనిపిస్తోందో అదే మీ ఫొటోలో హీరో. అది మీ వాక్యంలో ఉన్నదేనా? తర్వాత ఫోను తలకిందులు చేసి చూడండి, ముఖం ముఖంలా కనపడదు కాబట్టి వెలుగు ముద్దలు, నీడ ముద్దలు ఎక్కడున్నాయో, ఒక మూల అనవసరంగా బరువెక్కిందేమో తెలిసిపోతుంది. తల వెనక కిటికీ అంచు మెడని కోస్తున్నట్టు ఉందా, మిషను మూల ఫ్రేము అంచుకి తగిలీ తగలనట్టు ఉందా అన్నది కూడా అప్పుడే చూసుకోండి.

ఆ తర్వాత మీ కథ తెలియని ఒకరికి చూపించండి, మీ చెల్లికి వద్దు, ఆమెకి మిషను తెలుసు. "ఎలా ఉంది?" అని అడిగితే "సూపర్" అంటారు, దానివల్ల ఉపయోగం లేదు. "ఇక్కడ ఏం జరుగుతోంది?" అని అడగండి. "ఏదో రాని పని చేస్తున్నావ్", "ఎవరిదో మిషను ముట్టుకున్నట్టున్నావ్" అన్నారంటే చేరాల్సిన చోటికి చేరింది, అది అమ్మది అని వాళ్లకి తెలియక్కర్లేదు. "లైటింగ్ భలే ఉంది" అని ఆగిపోతే ఫ్రేము కథని తినేసింది. "ఇల్లు ఎక్కడ, ఆ మిషను అమ్ముతావా" అన్నారంటే వస్తువు మిమ్మల్ని తినేసింది, మళ్లీ చేతుల దగ్గరికి వెళ్లండి.

పేరు పెట్టేటప్పుడు ఫొటోలో లేని విషయం ఒక్కటి ఇస్తే చాలు, ఊరి పేరో, సంవత్సరమో, "అమ్మ మిషను" అనో. ఫొటోలో ఇప్పటికే ఉన్న ఫీలింగుని మళ్లీ మాటల్లో చెప్పొద్దు, "మౌనరాగం", "చెదిరిన జ్ఞాపకం" లాంటివి అసలే వద్దు. కింద పేరాగ్రాఫు రాయాలని చేయి దురద పెడితే బయార్‌లా వెనక వైపు రాసుకోండి, ప్రింటు వేయించిన కాగితం మీద పెన్సిలుతో, తారీకు వేసి.